పసుపమ్మ మోటారు వెయ్యనన్నది

సోమవారం పొద్దున హైమవతి సెల్లారు మెట్లు దిగుతూ సగంలోనే ఆగిపోయింది. చివరి మెట్టు కనిపించలేదు. దాని మీద జానెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ల మీద ఆమె రబ్బరు చెప్పు ఒకటి తాపీగా తిరుగుతోంది.

హనుమకొండలో ఆ లోతట్టు కాలనీలో సెల్లారు తవ్వించుకోవడమే తెలివితక్కువ పని అని ఇల్లు కట్టేటప్పుడే అందరూ చెప్పారు. హైమ వినలేదు. ఆమెకు చీకటి, చల్లదనం కావాలి. రెండూ దొరికాయి, వాటితోపాటు ఊట కూడా దొరికింది. వాన పడితే చాలు, గోడల అడుగు నుంచి నీళ్లు ఉబికి వస్తాయి. అందుకే ఒక మూల నడుంలోతు గుంట తీయించి అందులో మోటారు దించారు. గుంట నిండగానే మోటారు దానంతట అదే ఆన్ అయి నీళ్లను వీధి కాలువలోకి తోడెయ్యాలి. ఇప్పుడున్న స్విచ్చు పెట్టాక ఏడు నెలలుగా తోడుతూనే ఉంది. ఇవాళ తోడలేదు.

ఇంకొకరి ఇంట్లో అయితే మెకానిక్‌ను పిలిచి, టీ తాగుతూ కూర్చునేవాళ్లు. హైమకు ఆ అదృష్టం లేదు. ఆ మోటారు స్విచ్చు బజారులో కొన్నది కాదు, ఆమె పెంచినది.

గుంట అంచున గోడకు బిగించిన గాజు పెట్టెలో పసుపు రంగు జిగురు బూజు ఉంటుంది. కుళ్లిన ఆకుల కింద మామూలుగా కనిపించేదే. తడి ఎటుంటే అటు నరాలు చాస్తుంది, నచ్చనిది తగిలితే వెనక్కి తీసుకుంటుంది. గుంటలో నీళ్లు పెరిగితే దాని నరం లావెక్కి రెండు రాగి తీగలను కలుపుతుంది. కలిసిన వెంటనే పెట్టె మీద చిన్న బ్యాటరీతో నడిచే ఆకుపచ్చ బల్బు వెలుగుతుంది, మోటారు నడుస్తుంది. మామూలు మోటార్లకు ఉండే తేలే బుర్రలా ఇది తీగకు చిక్కుకోదు, తుప్పు పట్టదు. తెగితే మళ్లీ పెరుగుతుంది. తిండి రోజుకు రెండు ఓట్స్ పలుకులు.

దీనికోసం హైమ కాలేజీలో బోటనీ లెక్చరర్ ఉద్యోగం వదిలేసి ఆరేళ్లయింది. ఈ శుక్రవారం పదకొండు గంటలకు ఢిల్లీ నుంచి ఒక పరిశోధన సంస్థ వాళ్లు చూడటానికి వస్తున్నారు. ఆరేళ్లుగా ఒకదాని నుంచి ఒకటి తీసి పెంచిన నలభై పళ్లేల బూజు అదే సెల్లారులో, ఇనుప అరల రాకులో ఉంది. నీళ్లు ఇంకో రెండు మూరలు పెరిగితే చూపించడానికి ఏమీ మిగలదు.

కొమురయ్య ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగాడు. ఆ వీధిలో ఇరవై ఏళ్లుగా మోటార్లు బాగుచేసేది అతనే. టెస్టరు పెట్టి చూశాడు, కరెంటు ఉంది. ఫ్యూజు పీకి చూశాడు, తీగ తెగలేదు. మోటారు రెక్క చేత్తో తిప్పి చూశాడు, తిరిగింది. స్టార్టరు బటన్ నొక్కితే మోటారు గుర్రుమంది. బయట కాలువలో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. ఆపేశాడు.

"మోటర్ మంచిగుంది మేడం. పైపు మంచిగుంది. మీ పసుపమ్మనే అలిగింది."

పెట్టె మీద ఆకుపచ్చ బల్బు వెలగలేదు. హైమ మూత తీసి చూసింది. బూజు చావలేదు. చచ్చిన బూజు నల్లబడుతుంది, ఇది పచ్చగానే ఉంది. కాకపోతే తీగల దగ్గర నుంచి జరిగిపోయి, పెట్టె వెనక మూలలో చిన్న ముద్దగా మిగిలింది. గుంట నిండా నీళ్లున్నా అది తీగల వైపు చూడటం లేదు.

"డైరెక్ట్ ఇచ్చేద్దునా?" అన్నాడు కొమురయ్య.

కొమురయ్య వైద్యశాస్త్రంలో మొదటి మందూ చివరి మందూ అదే. స్విచ్చు మొండికేస్తే స్విచ్చును పక్కన పెట్టి, రెండు తీగలు మెలేసి, మోటారుకు నేరుగా కరెంటు ఇవ్వడం. ఊళ్లో సగం మోటార్లు అలాగే నడుస్తున్నాయి. పైన మబ్బు దించుకుని ఉంది. హైమ రాకు వైపు చూసి, ఇష్టం లేకుండానే సరేనంది. మోటారు ఆగకుండా నడవడం మొదలుపెట్టింది.

అతను వెళ్లాక ఆమె గుంటలో నీళ్లు వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. ఆ బూజుకు అన్నిటికన్నా భయం రెండంటే. ఒకటి ఉప్పు, రెండోది వెలుతురు. నీళ్లు ఉప్పగా లేవు. సెల్లారులో ఎర్ర బల్బు తప్ప వేరే దీపం లేదు. ఏడు నెలలు పనిచేసిన ప్రాణి, వాళ్లు వస్తున్న వారంలోనే ఎందుకు ముడుచుకుంది? ఎవరో ఏదో చేశారు. ఈ మాట ఒకసారి మనసులోకి వచ్చాక, ఇక పొమ్మన్నా పోలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమెకు దొంగ దొరికినట్టే అనిపించింది.

సెల్లారుకు వీధి వైపు ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి చూస్తే మనుషుల మోకాళ్లూ, కాలువలోకి తెరుచుకునే తమ మోటారు పైపూ కనిపిస్తాయి. ఆ పైపు మూతి దగ్గర ఎర్ర గాజులున్న రెండు చేతులు ఏదో చేస్తున్నాయి. పక్కన ఒక డబ్బా ఉంది. హైమ మెట్లెక్కి బయటికి వచ్చేసరికి ఆ చేతుల మనిషి డబ్బా నడుముకు ఎత్తుకుని గిర్నిలోకి వెళ్లిపోతోంది.

గిర్ని బాలామణిది. హైమ సెల్లారు గోడకు ఆనుకునే ఉంటుంది. ముందు పిండిమర, వెనక రెండు గదుల కాపురం. ఆ మర అదురుకు బూజు బెదురుతోందని హైమ నెల కిందట కాలనీ సంఘానికి కాగితం రాసిచ్చింది. "బూజు కోసం గిర్ని బంద్ పెట్టమంటున్నది టీచరమ్మ" అని బాలామణి పిండికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పి నవ్వించింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"పైపులో ఏం పోస్తున్నావక్కా?" అని గుమ్మంలో నిలబడి అడిగింది హైమ.

బాలామణి మర చప్పుడులో వినపడనట్టు ముఖం తిప్పుకుంది. వినపడిందని హైమకు తెలుసు.

బుధవారం అనుమానం ఇంట్లోకే వచ్చింది. వానకోటు కోసం భర్త స్కూటరు డిక్కీ తీస్తే, అట్టపెట్టెలో కొత్త తేలే బుర్ర స్విచ్చు కనిపించింది. ఆమె దాన్ని తెచ్చి అన్నం కంచం పక్కన పెట్టింది. శ్రీపతి ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాడు. మామూలుగా నిదానస్తుడు. ఆ పెట్టెను చూసి ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆపాడు.

"ఎప్పుడు కొన్నారు?"

"పోయిన శనివారం."

"సోమవారం కదా అది పనిచెయ్యడం మానేసింది. శనివారమే మీకెలా తెలుసు?"

"తెలిసి కాదు హైమా. ఎప్పుడన్నా ఆగితే చేతిలో ఒకటి ఉంటే మంచిదని."

"ఆగితే బాగుండునని కూడా అనుకున్నారా? నేను మళ్లీ కాలేజీకి పోతానని?"

శ్రీపతి ముద్దను కంచంలోనే పెట్టి, మెతుకులు వేలితో వేరుచేశాడు. ఆ ఆలస్యం ఆమెకు ఒప్పుకోలులాగే వినిపించింది. చివరికి, "అనుకున్న. ఒకట్రెండు సార్లు. కానీ నీ పెట్టె మీద చెయ్యి వెయ్యలేదు," అన్నాడు. నిజాయితీగా చెప్పిన సగం మాట మీద ఆమెకు కోపం వచ్చి, మిగతా సగం నమ్మలేదు.

గురువారం కొమురయ్య వంతు. గాజు పెట్టెకు రెండే తాళంచెవులు. ఒకటి ఆమె దగ్గర, ఒకటి అతని దగ్గర.

"డైరెక్ట్ ఇస్తే నీకు సులువు, బూజుతో తలనొప్పి లేదు. నేను లేనప్పుడు పెట్టెలో ఏమన్నా వేశావా? నిజం చెప్పు," అంది హైమ.

కొమురయ్య చేతిలోని టెస్టరు కింద పెట్టాడు. "మేడం, నేను దాన్ని పసుపమ్మ అని ఊకెనే అంటలేను. పోయిన ఎండకాలం మీరు ఊరికి పోతే, దానికి పూటపూటకు నీళ్లు చిలకరిచ్చింది నేనే. నా బిడ్డకు జరమొస్తే గూడ అంత చూడలే." తాళంచెవి తీసి మెట్టు మీద పెట్టాడు. "ఇగ మీరే చూస్కోండ్రి." పైకి వెళ్లిపోయాడు. టెస్టరు మర్చిపోయి వెళ్లాడు.

అది తప్పని హైమకు అప్పుడే తెలిసింది. తెలిసినా వెనక్కి పిలవలేదు. మోటారు మాత్రం నాలుగో రోజూ ఆగకుండా తోడుతోంది.

శుక్రవారం వినాయక చవితి ముందురోజు. ఢిల్లీవాళ్లు విమానం దిగి సగం దారి వచ్చామని తొమ్మిదింటికి ఫోన్ చేశారు. కనీసం పెట్టెనైనా తుడిచి ఉంచుదామని హైమ దాన్ని గోడ నుంచి విప్పింది.

పెట్టె వెనక, తీగలు పోయే బెజ్జంలోంచి వెంట్రుకంత పసుపు దారం ఒకటి బయటికి వచ్చి ఉంది. ఆమె ఎర్ర దీపం దగ్గరగా పట్టుకుంది. దారం గోడ మీద పాకి, పైకి పోయేకొద్దీ లావెక్కి, వేలంత నరమై, కప్పు కింద ఇటుకల మధ్య పగులులోకి దూరింది. బూజు ముడుచుకోలేదు. పెట్టెలో మిగిలింది దాని తోక మాత్రమే. అసలు ప్రాణి గోడ దాటి ఎప్పుడో వెళ్లిపోయింది.

ఉలి పెట్టి కొడితే ఇటుక సులువుగానే ఊడివచ్చింది. ఊడిన చోట మట్టి ఉండాలి. ఆమె చెయ్యి పెట్టింది. మోచేతి దాకా పోయింది, ఇంకా పోయింది, ఏమీ తగల్లేదు. లోపల నుంచి తడి పిండి పులిసిన వాసన వచ్చింది. చెయ్యి పైకి తిప్పితే రాతి అడుగు తగిలింది. అది గిర్ని నేల. ఆ రాయి సన్నగా అదురుతోంది.

ఎందుకు వెళ్లిందో ఆమెకు అర్థమైంది. ఏళ్ల తరబడి గిర్ని కడిగిన నీళ్లతో పిండి మట్టిలోకి దిగింది. రోజుకు రెండు ఓట్స్ పలుకుల మీద బతికే ప్రాణికి గోడ అవతల పండగ కనిపించింది. మరి తిండి దొరికిన మనిషి పని ఎందుకు మానెయ్యాలి?

ఆమె అక్కడే తడి మెట్టు మీద కూలబడింది. మూడేళ్ల కిందట, సెల్లారు కొత్తలో, ఊటతో ఇసుక వచ్చి మోటారు రెక్కలు అరిగిపోయేవి. అప్పుడు ఆమె ఆనాటి తరం బూజుకు నలభై రోజులు ఒక పాఠం చెప్పింది. దాని పక్కన ఇసుక కదిలినప్పుడల్లా తెల్ల దీపం వేసేది. చివరికి దీపం లేకపోయినా, ఇసుక కదిలితే చాలు, అది తీగలు వదిలేసేది. ఆ బూజు ముక్క నుంచి ముక్క, దాని నుంచి ఇంకో ముక్క తీసి పెంచుతూ వచ్చింది. ఇన్ని ముక్కల తరవాత పాఠం ఎక్కడ గుర్తుంటుందని నోట్సులో కూడా రాయలేదు. బూజు మరిచిపోలేదు. టీచరే మరిచిపోయింది.

ఇసుక కదులుతోందని అది గోడ అవతల నిలబడి సోమవారమే చెప్పింది. ఆమె దాన్ని పక్కన పెట్టి నాలుగు రోజులు డైరెక్ట్ ఇచ్చింది.

మరి అంత ఇసుకా ఎటు పోయింది? ఆగకుండా నడిచే మోటారు దాన్ని గుంటలో పేరుకోనివ్వలేదు. పైపు, పైపు మూతి, ఎర్ర గాజుల చేతులు, డబ్బా. హైమ ఫ్యూజు పీకి గుప్పిట్లో పట్టుకుని మెట్లెక్కింది. వెనక మోటారు ఆగిపోయింది. నాలుగు రోజుల తరవాత మొదటిసారి సెల్లారులో ఊట చప్పుడు వినిపించింది. రాకు మునగడానికి గంటకు మించి పట్టదని ఆమెకు తెలుసు. అయినా వెనక్కి తిరిగి చూడలేదు.

గిర్ని నిండా జనం. చవితి ఉండ్రాళ్ల పిండికి ఇరవై మంది ఆడవాళ్లు డబ్బాలు వరసలో పెట్టుకుని, షాబాదు బండల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. కొమురయ్య మర బెల్టు సరిచేస్తున్నాడు. గుమ్మం పక్కన బొగ్గుల పొయ్యి మీద బాలామణి ఇనుప మూకుడులో ప్యాలాలకు మక్కలు వేయిస్తోంది. మూకుడు నిండా సన్నటి, తెల్లటి, శుభ్రమైన ఇసుక.

"అక్కా, ఈ ఇసుక మా పైపులోదేనా?"

"నీ పైపుల నుంచి కారి కాలువల పడ్డది. పారేసిందే గద తీస్కున్న. దానికి గూడ కాగితం రాస్తవా?"

"ఎన్ని డబ్బాలు?"

"ఎవరు లెక్కవెట్టిన్రు? వాడకట్టుల అందరికీ పంచిన."

"మర ఆపక్కా. అందరూ బయటికి రావాలి. ఈ నేల కింద మట్టి లేదు."

మాటల చప్పుడు తగ్గింది గాని ఎవరూ కదల్లేదు. బాలామణి గంటె కింద పెట్టింది. "రేపు పండుగ. ఇయ్యాల గిర్ని బంద్ పెట్టిద్దామని నీ ఆలోచన. నెల సంది చూస్తున్న నీ యవ్వారం." కూర్చున్నవాళ్లలో ఒకామె నవ్వింది. వారం రోజులుగా హైమ అందరినీ ఏ కళ్లతో చూసిందో, ఇప్పుడు అందరూ ఆమెను ఆ కళ్లతోనే చూస్తున్నారు.

వాళ్లు నమ్మే మనిషి ఒకడే ఉన్నాడక్కడ. హైమ అతని ముందుకు వెళ్లింది.

"కొమురయ్యా, నిన్న నిన్ను అనరాని మాట అన్నాను. నువ్వేం చెయ్యలేదు. పసుపమ్మా ఏం చెయ్యలేదు. తప్పు నాది. నన్ను నమ్మకు. గడ్డపార తీసుకుని నేల మీద కొట్టి చూడు, చాలు."

అంతమంది ముందు ఆమె అలా అంటుందని అతను అనుకోలేదు. గడ్డపార అందుకున్నాడు. గుమ్మం దగ్గర బండ మీద కొట్టాడు, గట్టిగా మోగింది. రెండడుగులు లోపలికి వచ్చి కొట్టాడు. మర పక్కకు వచ్చి కొట్టాడు. ఖాళీ గాబు మీద కొట్టినట్టు వినిపించింది. అతని ముఖం మారిపోయింది.

"బాలామణక్కా, డొల్ల," అన్నాడు. గోడ మీది మెయిను కిందికి దించాడు. మర ఆగింది. "డబ్బాలు ఇడిసిపెట్టండ్రి. లేవండ్రి, లేవండ్రి. గోడ పొంటి నడువుండ్రి, నడుమకెల్లి పోకుండ్రి."

ఆడవాళ్లు లేచారు. ఒక ముసలామె డబ్బా వదలనంటే కొమురయ్య డబ్బాతో సహా ఆమెను ఎత్తి బయటపెట్టాడు. బాలామణి వెనక గదుల్లోకి పరుగెత్తి కోడలినీ, ఉయ్యాల్లో పసిదాన్నీ పెరటి తలుపు గుండా తెచ్చింది. అందరూ వీధిలో నిలబడి పావుగంట గడిచింది, ఏమీ కాలేదు. ఎవరో గొణగడం మొదలుపెట్టారు. అప్పుడు లోపల ఒక బండ పగిలిన చప్పుడైంది. పిండిమర మెల్లగా ఒక పక్కకు ఒరిగి, నడుం దాకా నేలలోకి దిగిపోయింది. దాని చుట్టూ వరసగా పెట్టిన డబ్బాలు ఒకదాని వెనక ఒకటి జారి ఆ గుంతలో పడ్డాయి.

తరవాత బాలామణి వచ్చి హైమ రెండు చేతులూ పట్టుకుంది. "నా మనుమరాలు ఆ గోడ పక్కనే పండుకుంటది టీచరమ్మా. నువ్వు రాకపోతే..." అని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు హైమను దేవతను చూసినట్టు చూశారు. ఆ క్షణంలో ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ ఏమీ అడగరు. ఇసుక ఎలా పోయిందంటే వాననే అంటారు.

హైమకు ఊరుకోవాలనే అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అక్కా, నీ ఇంటి కింది ఇసుక గుంజింది నా మోటారే. గుంజొద్దని నా బూజు సోమవారమే ఆగిపోయింది. నేను వినకుండా నాలుగు రోజులు నడిపించాను."

బాలామణి చేతులు వదిలేసింది. పొయ్యి మీది మూకుడు వైపు చూసింది. అందులో మక్కలు మాడుతున్నాయి. తన ఇంటి కింది ఇసుకతోనే నాలుగు రోజులుగా ప్యాలాలు వేయించి అమ్మిందని అర్థమవడానికి ఆమెకు కొంత సమయం పట్టింది.

కబురు అంది శ్రీపతి కాలేజీ నుంచి పరుగున వచ్చాడు. "హైమా, సెల్లారు..." అన్నాడు. అందరూ ఆమె వెంట మెట్ల దాకా వెళ్లారు.

నీళ్లు రాకు నడిమి అర దాటాయి. పళ్లేలు తేలుతున్నాయి. కొన్ని అప్పటికే బోర్లాపడ్డాయి. విప్పిన గాజు పెట్టె బల్ల మీద ఉంది, గోడలోకి పోయిన దారం ఇంకా తెగలేదు. నీళ్లు దాని అంచును తాకుతున్నాయి. వాళ్లు చూస్తుండగానే పెట్టె మీద ఆకుపచ్చ బల్బు వెలిగింది.

ఇసుక కదలడం ఆగిపోయింది. పెట్టెలో మిగిలిన ఆ చిన్న ముద్ద నరం చాచి తీగలను కలిపింది. మోటారు వెయ్యమంటోంది.

"వేస్తున్నది మేడం," అన్నాడు కొమురయ్య గొంతు తగ్గించి. "పసుపమ్మ సరేనంటున్నది."

"ఇప్పుడు ఇసుక కదలట్లేదనేగా దానర్థం," అన్నాడు శ్రీపతి. "పది నిమిషాలు వెయ్యి. సగం పళ్లేలన్నా దక్కుతాయి. ఆరేళ్లు హైమా."

ఫ్యూజు ఆమె గుప్పిట్లోనే ఉంది. బూజు అబద్ధం చెప్పదని ఆమెకు ఇవాళే తెలిసింది. కానీ అది ఈ క్షణం సంగతే చెబుతుంది. మోటారు వేస్తే ఇసుక మళ్లీ కదులుతుంది, అది మళ్లీ చెయ్యి ముడుచుకుంటుంది, ఈ లోపల గోడ కింద ఇంకో డబ్బాడు ఇసుక పోతుంది. ఆ గోడ అవతల బాలామణి రెండు గదులు ఇంకా నిలబడే ఉన్నాయి. ఇదంతా తెలిసి కూడా ఆమె చెయ్యి ఫ్యూజు పెట్టె వైపు లేచింది. లేవడం బాలామణి చూసింది. ఆమె పసిదాన్ని ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

హైమ చెయ్యి దించింది. తరవాత వెనక్కి తిరిగి ఫ్యూజును బాలామణి అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఇది నీ దగ్గర పెట్టుకో అక్కా. నేను అడిగినా ఇవ్వకు."

నీళ్లు పెట్టె అంచు దాటి లోపలికి దిగాయి. ఆకుపచ్చ బల్బు నీళ్ల అడుగున కాసేపు వెలుగుతూనే ఉంది. వీధిలో కారు ఆగిన చప్పుడైంది, ఎవరో ఇంటి నంబరు అడుగుతున్నారు. హైమ మెట్టు మీద కూర్చుని, బల్బు ఆరిపోయేదాకా అక్కడి నుంచి కదల్లేదు.